మోతగదిలో మా నవ్వులు

జూన్ 4, గురువారం

ముక్కు కంపు కొడుతోంది. నా సొంత ముక్కు కాదు, మా రబ్బరు ముక్కు. ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకి వెళ్ళేటప్పుడల్లా దాన్ని స్పిరిట్‌లో ముంచి తియ్యాలని ఆస్పత్రి నియమం. పొద్దున్నుంచీ దానిలోంచే ఊపిరి పీల్చి ఇంటికొస్తే అన్నం కూడా స్పిరిట్ వాసనే. విదూషకుల సేవ ఎంత ముచ్చటైన పనో అని నిట్టూర్చేవాళ్ళు ఒక్కసారి ఈ ముక్కు పెట్టుకుని చూడాలి.

ఈ చిట్టా రాయడం నా సరదా కాదు. ఎక్కడికి వెళ్ళాం, ఏది పేలింది, ఏది చీదింది అన్నీ రాసిపెట్టాలని మా పకపక బృందం పెద్ద అనసూయ గారి ఆజ్ఞ. తర్వాత వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందట. జీతం లేని పనికి ఇన్ని నియమాలేమిటో. సరే, రాస్తున్నాను.

ఇవాళ నన్నూ సత్తిపండునీ శాంతిశిఖరం ఆస్పత్రి కింది అంతస్తులో ఉన్న మోతగదికి పంపారు. సత్తిపండు నా జోడీ. తాతల నాటి నుంచీ పగటివేషాలు కట్టిన ఇంటి మనిషి. బకెట్‌లో కాలు ఇరుక్కుని గది చుట్టూ తిరిగి పడటంలో అతన్ని మించినవాళ్ళు లేరు.

మోతగది గురించి వినడమే గాని చూడటం ఇదే మొదలు. మత్తు మందులు మనుషుల మీద పనిచెయ్యడం మానేసిన కొత్తలో మా అమ్మకి పిత్తాశయం తీశారు. ఇంటిల్లిపాదీ మెడ వెనక తీగలు తగిలించుకుని తలా కాస్త నొప్పి పంచుకున్నాం. నా వాటాకి గండుచీమ కుట్టినంత వచ్చింది. మా మావయ్య తన వాటా కాఫీ తాగుతూ మోసేశాడు. పూర్వం పొలాల్లో బదులు పనులుండేవి కదా, ఒకరి నాట్లకి ఒకరు వెళ్ళడం, అలాంటిదన్నమాట. ఇప్పటికీ దీన్ని బదులు అనే అంటున్నారు. కాకపోతే కోయించుకునేవాళ్ళందరూ పై అంతస్తులో ఉంటున్నారు, మోసేవాళ్ళందరూ కింద ఉంటున్నారు.

గది నిండా కుర్చీలు. చెమట, మూత్రం, వాంతుల బకెట్లు. ఏ గాయమూ లేని మనుషులు మోకాలో పక్కటెముకలో పట్టుకుని మెలికలు తిరుగుతున్నారు. ఒక్కో కుర్చీ మీద ఒక్కో లైటు. పసుపు వెలిగితే మనిషి ఓర్చుకుంటున్నట్టు. ఎరుపు వెలిగి కాసేపు అలాగే ఉంటే తీగ దానంతటదే ఊడిపోతుంది, కానీ ఆ పూట మోసిందంతా లెక్కలోకి రాదు.

గుమ్మంలో ఆగి, "లోపలికి రావచ్చా?" అని అడిగాం. ఇది మా మొదటి పాఠం. ఆస్పత్రిలో సూది గుచ్చేవాళ్ళు అడగరు, దుప్పటి లాగేవాళ్ళు అడగరు. రోగి వద్దనగలిగేది మమ్మల్ని ఒక్కళ్ళనే.

తలుపు పక్క కుర్చీలో ఉన్న ఆవిడ పళ్ళ బిగువున జవాబిచ్చింది. "రండమ్మా, వేగి రండి. ఏటో ఒకటి సెయ్యండి."

ఆవిడ పేరు పైడితల్లి. కుడి మోకాలు రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. పైన ఎవరి మోకాలో కోస్తున్నారు. సత్తిపండు బకెట్‌లో కాలు పెట్టాడు. నేను లాగాను. బకెట్ నా చేతికొచ్చింది, అతని చెప్పు అందులోనే ఉండిపోయింది, చెప్పు కోసం నా తల దూర్చాను. పైడితల్లి ముందు ముక్కుతో నవ్వింది, తర్వాత నోరంతా తెరిచి నవ్వింది. ఆవిడ లైటు ఎరుపులోంచి పసుపులోకి దిగింది. అబద్ధమాడను, నాకు ప్రాణం లేచొచ్చింది.

గది బాధ్యుడు శశిభూషణ్ గారు మమ్మల్ని చల్లటి గాజు గదిలో కూర్చోబెట్టి టీ, క్రీము బిస్కెట్లు ఇచ్చాడు. "మీరు మనుషులు కాదండి, దేవతలు" అన్నాడు. ఆ మాట ఎవరన్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. బిస్కెట్ మాత్రం తిన్నాను.

జూన్ 11, గురువారం

కొత్త ఆట ఒకటి కట్టాం. పేరు నొప్పి పట్టడం. మోసేవాళ్ళు తమకు నొప్పి ఉన్న చోట వేలు పెట్టి చూపిస్తారు. నేను అదే చోట పట్టుకుని గోలపెడుతూ గెంతుతాను. ఇద్దరు ఒకేసారి చూపిస్తే రెండూ పట్టుకోలేక చతికిలబడతాను. సత్తిపండు నన్ను లేపబోయి ఆ నొప్పి తనకి అంటించుకుంటాడు. మోసేవాళ్ళకి ఇది మహా సంబరంగా ఉంది. తమ నొప్పి ఇంకొకళ్ళ ఒంట్లో గెంతుతుంటే చూడటం బావుంటుందేమో.

ఒక్కటే చిక్కు. లైట్లన్నీ గాజు గోడ వైపు తిరిగి ఉన్నాయి, అవతల కూర్చున్న శశిభూషణ్ గారికి కనబడేలా. గది మధ్యలో ఉన్న మాకు తలుపు పక్క పైడితల్లి లైటు తప్ప ఇంకేదీ కనబడదు. నవ్వు పైపైదో లోపలిదో తెలియకుండా ఆడటం ఎలా? లైట్లు మావైపు కూడా తిప్పించమని అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. మనిషిని పిలిపించి అప్పటికప్పుడు తిప్పించేశాడు.

ఆట అయ్యాక పైడితల్లి దగ్గర కూర్చున్నాను. కూతురు నూకరత్నానికి ఏడేళ్ళు, వెన్నెముక వంకర తిరుగుతోంది. అది సరిచెయ్యాలంటే ఆరుగురు మోసేవాళ్ళు కావాలి. భర్త సముద్రం మీద పోయాడు. అత్తవారి వైపు ఎవరూ పలకరు.

"నాకెవులున్నారమ్మా మొయ్యడానికి? నాను పదిమందికి మోస్తే నా గుంటకి అయిదుగుర్ని ఇస్తామన్నారు. ఆరోదాన్ని నాను. తల్లి వాటాయే పెద్దదంట, మొయ్యలేనా ఏటి?" అంది.

"మోస్తావు" అన్నాను.

జూన్ 20, శనివారం

ఇవాళ ఏది పేలిందో రాయను, ఏం చూశానో రాస్తాను.

ఆట మధ్యలో ఆయా టీ గ్లాసులు పంచింది. స్టీలు గ్లాసు, పొగలు కక్కుతోంది, నేను రెండు వేళ్ళతో కూడా పట్టుకోలేక బల్ల మీద పెట్టేశాను. పైడితల్లి అరచేయి మొత్తం చుట్టి పట్టుకుని నా వేషం చూసి నవ్వుతోంది. దగ్గరికెళ్ళి గ్లాసు లాక్కున్నాను. అరచెయ్యి నిండా బొబ్బలు. కొన్ని పాతవి, పగిలి చీము పట్టినవి.

"అదేటమ్మా, నాకేటీ తెలీటం నేదు. సేతి కోతలోళ్ళని మోసినప్పట్నుంచీ ఇంతే. మంచిదే కదా, నొప్పి నేదు" అంది.

అప్పుడు చూశాను, ఆవిడ మెడ వెనక ఒక తీగ కాదు, రెండున్నాయి. రెండు బదుళ్ళు ఒకేసారి అయిపోతాయని మురిసిపోతోంది.

గాజు గదిలోకి వెళ్ళి అడిగాను. శశిభూషణ్ గారు దాచలేదు. దాచాలన్న ఆలోచనే లేదాయనకి. తెర మీద గీతలు చూపించాడు. మేం వచ్చే రోజుల్లో అందరూ పసుపులోనే ఉంటారు కాబట్టి తలా రెండో తీగ తగిలించవచ్చట. అందుకని పెద్ద పెద్ద కోతలన్నీ గురు, శనివారాలకే పెడుతున్నాడు. "లైట్లు తిప్పించమని మీరు అడగడం చాలా తెలివైన ఆలోచనండి. అప్పట్నుంచి ఎవరు ఎరుపుకి దగ్గరగా ఉన్నారో చూసి మీరు సరిగ్గా వాళ్ళ దగ్గరికే వెళుతున్నారు" అన్నాడు, మళ్ళీ బిస్కెట్ల పళ్ళెం నా వైపు తోస్తూ.

వెళుతున్న మాట నిజం. విదూషకుడికి నవ్వని మొహం కనబడితే చేతులు ఊరుకోవు. ఎరుపు వెలగడమంటే ఆ ఒళ్ళు ఇక చాలని చెప్పడం. మేం పరిగెత్తుకెళ్ళి దాని నోరు మూస్తున్నాం. లైట్లు చూసి ఆడుతున్నాం గాని ఎవరి అరచెయ్యీ చూడలేదు. నా మీద నాకే రోత పుట్టింది. ఆయన మీద అంతకంటే ఎక్కువ, ఎందుకంటే నాకు కనీసం వాంతి వచ్చినట్టుంది, ఆయనకి ఆకలి వేస్తోంది.

జూన్ 25, గురువారం

వెళ్ళలేదు. అనసూయ గారికి విషయమంతా చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని, "ఆస్పత్రి వాళ్ళు మనకి సన్మానం చేస్తామంటున్నారమ్మా హైమా, కొంచెం ఓపిక పట్టు" అంది. శాలువా రంగు కూడా ఖాయమైపోయిందట.

సత్తిపండుతో పెద్ద గొడవ. అతను ఒక్కడే వెళతానన్నాడు.

"నవ్వించమని పైడితల్లమ్మే కదా అడుగుతోంది. రావచ్చా అంటే రమ్మంటోంది. వద్దన్న రోజు ఎల్లొద్దు. ఆయమ్మ రమ్మంటే నువ్వు వద్దనడానికి ఎవరక్కా?" అన్నాడు.

"ఆవిడ ఇంకేమంటుంది సత్తీ? వద్దంటే పిల్ల నడుం పోతుంది. దాన్ని అడగడం అంటావా?"

"మరి మనం మానేస్తే ఆ నడుం నిలబడతాదా?"

లేచి వెళ్ళి బకెట్ దాచేశాను. చిన్నపిల్లల్లా బకెట్ కోసం తన్నుకున్నాం. చివరికి అతనూ వెళ్ళలేదు.

జూన్ 26, శుక్రవారం

పైడితల్లి మా వీధి కనుక్కుని వచ్చింది. మెట్లెక్కేటప్పుడు కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో కిందకి చూసుకుంటూ ఎక్కింది. మంచినీళ్ళిస్తే తాగలేదు.

"నిన్నేల రానేదు?" అంది.

రెండో తీగ సంగతి, చేతి సంగతి చెప్పాను. ఇలాగే మోస్తే ఒళ్ళంతా మొద్దుబారిపోతుందని చెప్పాను. ఎంతో ఓపికగా, చదువుకున్నదాన్ని కదా, చక్కగా విడమరిచి చెప్పాను. ఆవిడ అంతా వింది.

"అదంతా నాకు తెలీదనుకున్నావేటి? నిన్న ఎర్ర లైటెలిగి తీగ ఊడిపోనాది. రెండు బదుళ్ళూ పోనాయి. రత్నం వంతు ఇంకో వారం ఎనక్కెల్లింది. వానాకాలం దాటితే ఎముక ముదిరిపోద్దంట, ఇంక సెయ్యరంట. నీకు బాధనిపించిందని నువ్వు ఇంట్లో కూకున్నావు. నాకు పడింది దెబ్బ."

ఒక్క మాటకీ గొంతు పెంచలేదు. నాకు చెంప మీద కొట్టించుకున్నట్టుంది.

రేపటి నుంచి వెళుతున్నాను. ఇది మంచి పని అని రాయను. ఆ గది గుమ్మం తొక్కుతుంటే పెంట మీద కాలు వేసినట్టే ఉంటుంది, అయినా వెళతాను. పిల్ల వంతు వచ్చేదాకా నవ్విస్తాను, ఆ తర్వాత ఆ గదికి ఒక దండం.

జూలై 6, సోమవారం

వంతు వచ్చింది.

వారం పాటు బాగా ఆడాం. పైడితల్లికి వరసగా నడుము కోతలవాళ్ళనే తగిలించాడు శశిభూషణ్ గారు. "ఆవిడకి నడుములు అలవాటైపోయాయండి" అన్నాడు. ఆవిడ ఎరుపు వైపే వెళ్ళలేదు. శనివారం నాడు, "ఇప్పుడసలు నొప్పే తెలీటం నేదమ్మా, మీ సలవే" అని నా గడ్డం పుచ్చుకుంది. ఎంత గట్టిగా పుచ్చుకుందో ఆవిడకి తెలియలేదు. ఇప్పటికీ నా గడ్డం మీద గోటి గుర్తుంది. అప్పుడైనా నా బుర్రకి తట్టాల్సింది.

ఈ పొద్దున పైన నూకరత్నాన్ని బోర్లా పడుకోబెట్టారు. కింద అయిదుగురు మోసేవాళ్ళు, ఆరో కుర్చీలో తల్లి. పెద్ద వాటా తల్లిదే. అసలు కోతకి ముందు పరీక్ష చేస్తారు. పైన పిల్ల వీపు మీద సూదితో తాకుతారు, కింద మోసేవాళ్ళు ఉలిక్కిపడాలి. అయిదుగురూ ఉలిక్కిపడ్డారు. పైడితల్లి అలాగే చిరునవ్వుతో కూర్చుంది. గోడ మీది స్పీకరులో పైనుంచి పిల్ల "అమ్మా" అంది.

మళ్ళీ తాకారు. మళ్ళీ పైనుంచే వినబడింది.

ఆవిడ నడుములో నొప్పి పెట్టడానికి ప్రాణమున్న చోటే లేదు. పరాయివాళ్ళకి మోసి మోసి మొత్తం అయిపోయింది. తల్లి వాటా దిగడానికి చోటు లేక పిల్లలోనే ఉండిపోయింది. పైడితల్లికి అది అర్థమవడం నేను చూశాను. తన వీపు మీద తనే పిడికిలితో బాదుకుంది, ఒకసారి, ఇంకోసారి, గట్టిగా. "ఉండండి, పట్టుద్ది, ఉండండి" అంటూనే ఉంది.

శశిభూషణ్ గారు గడియారం చూసుకున్నాడు. "ఈవిడ పట్టడం లేదండి. ఒకళ్ళు తగ్గారు. వానలు వెళ్ళాక చూద్దాం" అన్నాడు, పెళ్ళి చూపులు వాయిదా వేసినంత తేలిగ్గా. వానలు వెళ్ళాక లేదని ఆయనకీ తెలుసు.

నేను ముక్కు తీసి జేబులో పెట్టుకుని పైడితల్లిని లేపి ఆ కుర్చీలో కూర్చున్నాను. ధైర్యం అనుకోకండి. ఆయన మొహం చూస్తూ ఇంకో నిమిషం నిలబడలేకపోయాను, అంతే.

తీగ నాకు తగిలించి పైన కోత మొదలుపెట్టారు. మా అమ్మ పిత్తాశయం నాటి చీమకాటు అనుకున్నాను. కాదు. నడుము మధ్యలో మేకు దిగ్గొట్టి దాన్ని పట్టుకుని నన్ను ఎత్తినట్టుంది. కళ్ళు బైర్లు కమ్మాయి. నా లైటు ఎర్రగా వెలగడం ఎదురుగా గాజులో కనబడింది. అది అలాగే ఉంటే తీగ ఊడుతుంది, నొప్పంతా తిరిగి పిల్లకి పోతుంది, సగం తెరిచిన వీపుతో ఉన్న పిల్లకి.

సత్తిపండు గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. మొహం తెల్లగా పాలిపోయింది. "రావచ్చా అక్కా?"

"రారా" అన్నాను. ఇంకేమంటాను?

నా ఆటే నాకు ఆడి చూపించాడు. నేను నడుం పట్టుకుంటే తనూ నడుం పట్టుకుని గెంతాడు, బకెట్‌లో పడ్డాడు, బకెట్‌తో సహా లేచాడు. ఏడుస్తున్నాడు, ఏడుస్తూనే పడుతున్నాడు. నాకు నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది, ఆపుకోలేనంతగా. ఇన్నాళ్ళూ మేం పంచిపెట్టింది ఏమిటో అప్పుడు తెలిసింది. నవ్వితే నొప్పి వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. లోపల ఇంకాస్త చోటు చేసింది, అంతే. నొప్పి హాయిగా జరిగి ఆ చోట్లో కూర్చుంది.

లైటు పసుపులోకి దిగింది. గాజు వెనక శశిభూషణ్ గారు అది చూశాడు. లేచి వచ్చి, "మీకు ఇంకా వీలుందండి" అని మెత్తగా చెప్పి నా మెడ వెనక రెండో తీగ తగిలించాడు. ఎవరిదో దవడ. వద్దని తల తిప్పితే నవ్వు ఆగిపోతుంది, ఆగితే ఎరుపు, ఎరుపైతే రెండు తీగలూ ఊడతాయి. అందుకని నవ్వుతూనే ఉన్నాను. పైడితల్లి నెల రోజులుగా కూర్చున్నది సరిగ్గా ఇక్కడే. నేను క్రీము బిస్కెట్లు తింటూ ఆవిడకి చోటు వెడల్పు చేశాను.

కోత పూర్తయింది. నూకరత్నం వెన్ను నిటారుగా వచ్చిందన్నారు. నేను ఒంటి మీద వాంతి చేసుకున్నాను. శశిభూషణ్ గారు బూట్లు తడవకుండా వెనక్కి జరిగాడు.

జూలై 8, బుధవారం

నాకు ఎడమ కాలి మడమ మొద్దుబారింది. స్పర్శ తిరిగి వస్తుందన్నాడు డాక్టరు, రాకపోవచ్చనీ అన్నాడు.

అనసూయ గారు శాలువా తెచ్చింది. తీసుకోలేదు. మోతగదికి ఇకమీదట వేషంతో ఎవరూ వెళ్ళకూడదని ఆవిడ ముందే ఈ చిట్టాలో రాస్తున్నాను, చదివి సంతకం పెట్టమన్నాను. వెళ్ళాలనిపించినవాళ్ళు ముక్కు ఇంట్లో పెట్టి వెళ్ళండి. అక్కడ కుర్చీలున్నాయి. మన బృందంలో నలభైమంది ఉన్నాం, తలా కాస్త పట్టుకుంటే ఒక్కొక్కరికి చీమకాటు. ఇంతమందికి నవ్వించాలని తోచింది గాని ఒక్కరికీ ఇది తోచలేదు. సత్తిపండు నిన్నే వెళ్ళి ఒక దవడకి కూర్చున్నాడు. ఒక్క తీగే తగిలించనిచ్చాడట, ఎవరూ నవ్వించలేదట. ఎరుపు వెలిగితే లేచి వచ్చేశాడు. శశిభూషణ్ గారికి కోపం వచ్చిందని విన్నాను. ఈ నెలలో నేను విన్న మంచి మాట అదొక్కటే.

సాయంత్రం నూకరత్నాన్ని చూడటానికి పిల్లల వార్డుకి వెళ్ళాను. పిల్ల వీపుకి పలకలు కట్టుకుని పడుకుని ఉంది, బుగ్గలు ఎర్రగా కమిలి ఉన్నాయి. పైడితల్లి పక్కనే కూర్చుని దాని నుదుటి మీద అరచెయ్యి పెట్టి ఉంచింది. నేను వచ్చి చాలాసేపైనా ఆ చెయ్యి తియ్యలేదు. తిప్పి వెనక వైపు పెట్టి చూసింది. తర్వాత రెండో చెయ్యి పెట్టింది.

చివరికి నా వైపు తిరిగి, పక్కవాళ్ళకి వినబడకుండా అడిగింది.

"నువ్వు కూడా ఒకసారి సెయ్యేసి సూడమ్మా. జొరముందేటి?"

చెయ్యి వేశాను. నుదురు కాలిపోతోంది.